పదకొండు ముక్కల పటం

సందర్శకుల పుస్తకంలో ఆ రోజు నేను రాసిన మాట గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. మంట ఇంకెవరి మీదో కాదు, ముందు నా మీదే. “అమరిక అద్భుతం” అని ఇంగ్లీషులో, గుండ్రటి అక్షరాలతో రాసి కింద సంతకం కూడా పెట్టాను. తప్పు చేసి దాని కింద సంతకం పెట్టి రావడం నాకే చెల్లింది.

నాకు బొమ్మల పిచ్చి. మస్కట్‌లో మేముండేది అల్ ఖువైర్‌లో. అక్కడే ఒక కన్సల్టెన్సీ ఆఫీసులో డ్రాయింగులకు నంబర్లు వేసి, ముద్రలు కొట్టి, ఏది పాతదో ఏది కొత్తదో చూసి సైట్లకు పంపడం నా పని. ఆదివారం నుంచి గురువారం దాకా ఆ గీతలే. శనివారం వచ్చిందంటే మాత్రం ఊళ్లో ఎక్కడ ఎగ్జిబిషన్ ఉన్నా నేను అక్కడ ఉండాల్సిందే. ఇక్కడి చిత్రకారులు వేసిన కోటలు, పడవలు, ఖర్జూరపు తోటలు, ఎక్కడెక్కడి నుంచో విమానాల్లో దిగే పెద్ద పెద్ద ప్రదర్శనలు, పన్నెండేళ్లలో ఒక్కటీ వదల్లేదు. కారులో దింపేటప్పుడు మా ఆయనది ప్రతిసారీ ఒకటే మాట. “పో, గోడలు చూసి రా. ఇంట్ల గోడ పెచ్చులూడుతున్నది, దాని దిక్కు మాత్రం చూడకు.”

ప్రారంభం రోజున జ్యూసు గ్లాసు కోసం వచ్చేవాళ్లన్నా, బొమ్మకు వీపు తిప్పి సెల్ఫీలు దిగేవాళ్లన్నా నాకు కోపం. నేను అట్లా కాదు. ప్రతి బొమ్మ ముందూ చేతులు వెనక్కి కట్టుకుని, తల ఓ పక్కకు వంచి, పేరు కార్డు చదివి, మళ్లీ బొమ్మ చూసి, అప్పుడు కదులుతాను. నాకు చూడటం వచ్చని గట్టి నమ్మకం. ఆ నమ్మకమే నా పరువు తీసింది.

పోయిన చలికాలంలో ఖురుం వైపు ఒక గ్యాలరీలో భారతదేశపు జానపద చిత్రాల ప్రదర్శన పెట్టారు. ఒక పెద్దమనిషి సొంతంగా పోగు చేసుకున్న సరుకట. మూడు హాళ్లు. మూడో హాల్లో ఎర్రటి నేల మీద పచ్చ, నీలం, తెలుపు బొమ్మలున్న పదకొండు ఫ్రేములు పెట్టారు. ఒక్కొక్కటి మూరన్నర ఎత్తు, అన్నింటికీ అద్దాలు. ఒక పొడుగాటి గోడ మీద ఏడు, పక్క గోడ మీద నాలుగు. కింద కార్డు: “వేట, వివాహం, యుద్ధం. మధ్య భారత గిరిజన చిత్రాలు. చిత్రకారుడు తెలియదు.” నేను తల వంచి చూశాను. ఆ ఎరుపును ఎక్కడో చూసినట్టనిపించింది. అనిపిస్తే అనిపించింది, ఎక్కడ చూశానో కాస్త ఆలోచించాలి కదా? లేదు. చక్కగా వెళ్లి పుస్తకంలో ఆ మాట రాసి, వాళ్లిచ్చిన, ఆ ఫ్రేముల బొమ్మలున్న రంగుల కాగితం తెచ్చి వంటింట్లో ఫ్రిజ్ మీద అంటించాను.

తర్వాతి వారం మా ఆయన దెప్పిన ఆ పెచ్చుల గోడ బాగుచేయడానికి బిల్డింగ్ మెయింటెనెన్స్ కంపెనీ ఒకతన్ని పంపింది. నలభై దాటిన మనిషి, బక్కపలచన, చెవుల దాకా పుట్టీ దుమ్ము. వచ్చినప్పటి నుంచి హిందీలోనే మాట్లాడుతున్నాడు. నేను ఫోన్‌లో మా చెల్లెలితో గొడవ పెట్టుకోవడం విని, గరిట లాంటి ఆ పుట్టీ రేకు పక్కన పెట్టి నవ్వాడు.

“మీది కరీంనగర్ దిక్కా అక్కా?”

“సిరిసిల్ల. నీది?”

“మెట్‌పల్లి కాడ. పొద్దటిసంది హిందీ మాట్లాడి నాలుక ఎండుకపోయింది. ముందే జెప్తే ఏమాయె?”

రెండో రోజు వంటింటి గోడ. ఫ్రిజ్ పక్కకు జరిపి, అట్లాగే దాని ముందు నిలబడిపోయాడు. నేను చాయ్ తెచ్చాను. అందుకోలేదు. ఆ రంగుల కాగితం మీద వేలు పెట్టాడు, పుట్టీ అంటుతుందని మళ్లీ తీసేశాడు.

“అక్కా, గిదెక్కడిది?”

“ఎగ్జిబిషన్‌లో ఇచ్చిన్రు. గిరిజన చిత్రాలు.”

“ఏం గిరిజనం? ఇది మా పటం.”

“మీ పటమేంది?”

“మేం కూనపులోళ్లం అక్కా. పద్మశాలోళ్ల కథ చెప్తం. మా నాయిన చెప్పిండు, మా తాత చెప్పిండు. నేను వంత పాడిన. ఇది పటం. ఇట్ల ముక్కలుండదు. బొంగుకు చుట్టి ఉంటది, మీదికెల్లి కిందికి ఒక్కటే బట్ట.” అని ఆగి, నా మొహం చూశాడు. “సిరిసిల్ల అంటిరి గద. ఇంటిపేరేందక్కా?”

ఆ ప్రశ్న అంటేనే నాకు చిరాకు. ఇక్కడి తెలుగు సంఘం పిక్నిక్కుల్లో కూడా ప్లేటు చేతికి రాకముందే ఇంటిపేరు అడుగుతారు. “గదంతా నీకెందుకు? గోడ సంగతి చూడు” అని విసుక్కున్నాను. అతను ఏమీ అనుకోలేదు. చాయ్ తాగి, కప్పు కడిగి బోర్లించి, గోడ గీకుతూ కూర్చున్నాడు. కాసేపటికి నేనే ఇంటిపేరు చెప్పేశాను. గీకడం ఆపాడు.

“అట్లనా! మరి మా పటంల మీ ముచ్చట్నే ఉన్నది గదక్కా. మీ మూలపురుషుని కథ. మీకెరుక లేదా?”

తల కొట్టేసినట్టయింది. మాది నేత కుటుంబం. మా తాత మగ్గం మీద కూర్చుంటే ఆ చప్పుడుకే మేం నిద్ర లేచేవాళ్లం. మా వాడకు ఆ కథ చెప్పేవాళ్లు వచ్చేవాళ్లని కూడా నాకు తెలుసు. మూడో తరగతో నాలుగో తరగతో చదువుతుండగా ఒక సాయంత్రం వచ్చి మా ఇంటి ముందు బొంగు నిలబెట్టారు. పటం జానెడు విప్పారు. ఎర్రగా ఏదో కనపడింది. అప్పటికి మా నాన్న గుమాస్తా అయ్యాడు, మగ్గం అంటే చిన్నతనం. “ఈ కాలంల గివన్నెవలు వింటరు, పోండ్రి పోండ్రి” అని నాలుగు బియ్యం పోసి పంపేశాడు. నేను తలుపు సందులోంచి చూశాను. ఆ జానెడు ఎరుపు నా కళ్లలో ఉండిపోయిందన్నమాట. పన్నెండేళ్లు ప్రపంచంలోని బొమ్మలన్నీ చూసిన దాన్ని, నా ఇంటి బొమ్మ ముందు నిలబడి “గిరిజన చిత్రాలు” అని చదువుకుని వచ్చాను. ఇంతకంటే సిగ్గుచేటు ఉంటుందా?

శుక్రవారం అతనికి సెలవు. సాయంత్రం నాలుగింటికి గ్యాలరీ తెరవగానే తీసుకెళ్లాను. గేటు దగ్గర గార్డు నా బ్యాగు చూడలేదు, అతని చేతిలోని ప్లాస్టిక్ కవరు మాత్రం తెరిపించాడు. అందులో ఒక తువ్వాల, నీళ్ల సీసా. మొదటి రెండు హాళ్లూ అతను చూడనే లేదు. తిన్నగా మూడో హాలుకు పోయి, ఆ చివర నుంచి ఈ చివరకు నడిచాడు. మళ్లీ నడిచాడు. వేళ్ల మీద లెక్కపెట్టాడు. మొహం మాడిపోయింది.

“కోసిండ్రు అక్కా. కత్తెరతోని కోసిండ్రు.”

పటం పాతబడి చిరుగుపడితే దాన్ని అమ్మరట, పారేయరట. మనిషికి చేసినట్టు చేసి గోదావరిలో విడుస్తారట. వాళ్ల నాన్న పటాన్ని అట్లాగే విడిచారు. దీన్ని ఎవరో విడవకుండా అమ్ముకున్నారు. “కడుపు కాలి అమ్మి ఉంటరు. ఆల్లననొద్దు” అన్నాడు.  తర్వాత అతను చెప్పిన దానికి అరికాలి మంట నెత్తికెక్కింది.

వరస మొత్తం తప్పు. రంగులు కలిశాయని పక్కపక్కన పెట్టారు. మొదట ఉండాల్సిన వినాయకుడు పక్క గోడ మీద మూలన ఉన్నాడు. మా మూలపురుషుడి పెళ్లి అతని పుట్టుకకు ముందుంది. రాక్షసుణ్ణి చంపి వాడి ఎముకలతో మగ్గం సామాను, నెత్తురుతో రంగులు చేస్తాడు. ఇక్కడేమో చక్కగా బట్ట నేసి దేవతలకు పంచిన తర్వాత, ఆఖరున రాక్షసుణ్ణి చంపుతున్నాడు. “మగ్గం లేకుంటనే నేసిండా? గాలిల నేసిండా?” అని అతను అడుగుతుంటే, పక్కన తల వంచి చూస్తున్న ఒకావిడ చిరాగ్గా జరిగింది. పులితో పెనుగులాడే ఘట్టం కింద “వేట” అని రాశారు. వేట కాదట, ఆ పులి తర్వాత ఆయన వాహనమే అవుతుందట.

“పోనీలే, వాళ్లకు తెలియదు” అన్నాను, నాకేదో తెలిసినట్టు.

“వరస తప్పితే తప్పె. అది గాదక్కా నా భయం.” గొంతు తగ్గించాడు. “విప్పిన పటం కథ గాకముందు చుట్టొద్దు. ఎన్నడు చుట్టొద్దు. సగంల చుడితే ఎవలి కథనో ఆ ఇండ్లకు మంచిది గాదు, విప్పినోనికీ మంచిది గాదు. వాన పడ్డా, కరెంటు పోయినా, చెప్పేటోనికి జెరమొచ్చినా, అయ్యేదాక కూసోవాలె. వీళ్లు నెల రోజులసంది విప్పి పెట్టిండ్రు. ఎవ్వలు చెప్తలేరు. చెప్పకుంటనే మూటగట్టి పంపుతరు.”

“నువ్వు చెప్పొచ్చు గదా.”

“గోడకు చెప్పాల్నా? మీ ఇండ్లోల్లు ఎదురుంగ కూసోవాలె. అప్పుడే కథ. మీరున్నరు గదా.” అని నా వైపు చూశాడు. నవ్వులాట కాదు. ప్రదర్శన ఇంకో రెండు వారాల్లో ముగుస్తుంది. ఆలోపు ఆ కథ మొదటి నుంచి చివరి దాకా ఒక్కసారి ఆ పటం ముందు చెప్పాలి, నేను వినాలి. అతనికి కావాల్సింది అంతే.

అంతే కదా, అదెంత పని, అనుకున్నాను. నా అమాయకత్వం.

ముందు మెయిల్ రాశాను. వరస ఇది, పేరు ఇది, ఏ ఊరి దిక్కు వాళ్లది, ఎవరి కోసం చెప్తారు, అన్నీ వివరంగా. డ్రాయింగులకు నంబర్లు వేసే దాన్ని కదా, పదకొండింటికీ నంబర్లు వేసి పట్టిక కూడా పంపాను. నాలుగు రోజులకు రెండు వాక్యాల జవాబు. మీ ఆసక్తికి కృతజ్ఞతలు, అమరిక పూర్తిగా సౌందర్య దృష్టితో చేసినది. దున్నపోతు మీద వాన.

మధ్యాహ్నం పర్మిషన్ పెట్టి నేరుగా పోయాను. ప్రదర్శన బాధ్యత చూస్తున్న క్యూరేటర్ మన దేశంలోనే ఏదో పెద్ద నగరం నుంచి వచ్చినావిడ. ఇంగ్లీషు, మధ్యలో హిందీ. ఒంటి మీద చేనేత చీర, అసలైన నేత. అంచు చూస్తే చెప్పగలను. కూర్చోబెట్టి కాఫీ ఇప్పించింది, అదొకటి. వరస తప్పని చెప్తే, కథ ముఖ్యం కాదు, ఇక్కడ చూడాల్సింది రంగుల లయ అంది. పేరు తప్పని చెప్తే, సొంతదారు ఇచ్చిన కాగితాల్లో అట్లాగే ఉంది అంది. సరే, కథ చెప్పేవాడు ఇక్కడే ఉన్నాడు, ఒక్క గంట చెప్పనివ్వండి, అన్నాను. కళ్లు మెరిశాయి.

“కళాకారుడా? ప్రొఫైల్ ఉందా?”

“పెయింటింగ్ పని చేస్తాడు. గోడలకు.”

మెరుపు ఆరిపోయింది. ఇంతకు ముందు ఎక్కడ ప్రదర్శించాడు, వీడియోలున్నాయా, ఎవరైనా సిఫారసు చేస్తారా, వేషం ఉందా అని అడిగింది. వేషం! చివరికి, ముగింపుకు ముందు రోజు సాయంత్రం అతిథులు వచ్చినప్పుడు ఐదు నిమిషాలు ఏదైనా పాడతాడేమో చూద్దాం, పులి ఘట్టం అయితే బాగుంటుంది, అంది. లేచి వచ్చేశాను. మెట్లు దిగుతూ గట్టిగా తిట్టుకున్నాను. ఆ మనిషి తాతలు ఎవరిని అడిగి పాడారు? ఏ ప్రొఫైల్ చూసి మా వాడల్లో బొంగు నిలబెట్టారు? చీర కట్టుకుంటే కట్టుకుంది కానీ, ఆ నేతగాడి కథ మాత్రం ఐదు నిమిషాలకు మించితే పనికిరాదట!

ఫోన్ చేసి చెప్తే అతను నవ్వాడు. “ఐదు నిమిషాల్ల వినాయకుని దండం గూడ గాదక్కా. మూడు రాత్రుల కథ. కట్టె కొట్టె తెచ్చె అన్నట్టు చెప్పినా గంట పడ్తది.” అప్పటికే అతన్ని కంపెనీ ఇబ్రి సైట్‌కు మార్చింది. మస్కట్ రావాలంటే మూడు గంటల పైన ప్రయాణం, పైగా శుక్రవారం కూడా డ్యూటీ. నేనింకా ఏదో అనబోతుంటే, “ఆఖరు శనివారం వస్త. మీరు కూసుంటరా, కూసోరా? గది చెప్పుండ్రి” అన్నాడు.

“కూర్చుంటా.”

“నడుమ లేవొద్దు మల్ల.”

“లేవను.”

వచ్చాడు. పన్ను నొప్పి, ఆస్పత్రికి పోవాలి అని ఫోర్మెన్‌కు చెప్పి వచ్చాడట. అబద్ధమని తెలిస్తే పంపించేస్తారు, ఇద్దరినట్లాగే పంపించారు, అని మామూలుగా చెప్పాడు.  వద్దులే వెళ్లిపో అంటే, “వచ్చినంక వద్దనుడేంది” అని కసిరాడు. మా ఇంట్లో కాళ్లు కడుక్కుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, బొట్టు పెట్టుకున్నాడు. అన్నం పెడితే తినలేదు. కథ అయ్యేదాకా ముద్ద ముట్టకూడదట.  కారులో దింపేటప్పుడు మా ఆయన ఈసారి గోడల మాట ఎత్తలేదు.

మధ్యాహ్నం మూడైంది. ఐదింటికి ప్రదర్శన ముగింపు. మూడో హాలు బయట అట్టపెట్టెలు, బుడగల ప్లాస్టిక్ చుట్టలు అప్పుడే తెచ్చి పెట్టారు. లోపల పది మంది ఉంటారేమో. గార్డు హైదరాబాద్ పాతబస్తీ మనిషి, రాను రాను నాతో పరిచయమైంది. అతన్ని చూసి నా దగ్గరికొచ్చి, “క్యా అమ్మా, ఆజ్ క్యా హై?” అన్నాడు. కథ చెప్పుకుంటాం భాయ్, అన్నాను. పైన కెమెరా వైపు చూశాడు. “ఆహిస్తా బోల్నా బోలో ఉస్కు. మై ఉధర్ ఖడా రహతూఁ” అని, అంటే మెల్లగా చెప్పుకోమని, తలుపు దగ్గరికి పోయి, మాకు వీపు తిప్పి నిలబడ్డాడు. ఆ వీపుకు నేను ఇప్పటికీ దండం పెడతాను.

నున్నటి ఆ తెల్లని నేల మీద నేను చీర సర్దుకుని బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. పన్నెండేళ్లలో ఏ గ్యాలరీలోనూ కూర్చోలేదు. అతను పక్క గోడ మూలకు పోయి వినాయకుడి ముందు చేతులు జోడించాడు. బొమ్మల ముందు నేల మీద గీసిన గీత దాటలేదు, అద్దం ముట్టుకోలేదు. వేలు మాత్రం చాపి, గొంతులోనే మొదలుపెట్టాడు.

అక్కడి నుంచి పెద్ద గోడ మీద ఐదో ఫ్రేముకు. అక్కడి నుంచి ఒకటో దానికి. మళ్లీ పక్క గోడకు. వాళ్లు కలగాపులగం చేసిన వరసను అతను కాళ్లతో సరిచేస్తున్నాడు. నేను కూర్చున్నచోటే అతని వైపు తిరుగుతున్నాను. హోమగుండం లోంచి పుట్టుక, తామర తూడు లోంచి తీసిన నూలు, పులి, పెళ్లి. మాట మాటకూ పాట, పాట అయ్యాక హెచ్చరిక లాగా “వింటున్నవా తల్లీ” అని ఒక కేక. నేను “ఊఁ” కొట్టాలి. కొట్టాను. మొదట సిగ్గుపడ్డాను, తర్వాత ఎవరున్నారో చూడటం మానేశాను. పులి దగ్గర అతని గొంతు లేచింది. వంత పాడేవాడు లేడు కనక తన పాటకు తనే వంత పాడుకున్నాడు. అందరూ దూరంగా జరిగి ఫోన్లు తీశారు.

ఎనిమిదోది, రాక్షసుడి వధ, ముగుస్తుండగా చెప్పుల చప్పుడు వినిపించింది. క్యూరేటర్. వెనుక ఆఫీసు మనిషి ఒకతను.

“ఏం జరుగుతోంది ఇక్కడ? ఎవరు పర్మిషన్ ఇచ్చారు?” అని నన్ను అడగలేదు. అతన్ని అడిగింది, హిందీలో. అతను పాట ఆపలేదు, చరణం చివరకు వచ్చి ఊపిరి తీసుకున్నాడు. అప్పుడు చెయ్యి చాపింది. “నీది ఏ కంపెనీ? బతాకా చూపించు.”

బతాకా అంటే ఇక్కడ మా అందరి మెడ మీదా ఉండే గుర్తింపు కార్డు. నా బ్యాగులోనూ ఒకటుంది. నన్ను అడగలేదు. నేల మీద కూర్చుని అల్లరి చేస్తున్నది నేను, చీర కట్టుకుని మెయిళ్లు రాసింది నేను, తీసుకొచ్చింది నేను. అయినా కార్డు అతనిదే కావాలి! ఆ కార్డు మీద కంపెనీ పేరుంటుంది. ఒక్క ఫోన్ చేస్తే చాలు, పన్ను నొప్పి బయటపడుతుంది.  కూర్చునే అరిచాను. “అతను నా మనిషి. ఏం అడగాలన్నా నన్నడుగు. నా బతాకా తీసుకో!”

“మీరు లేచి నిలబడండి మేడం, ప్లీజ్” అంది.

“లేవను.”

లేవబోయాననే చెప్పాలి. మోకాలు నేలకానించాను కూడా. అతనికి ఏమవుతుందోనని భయమేసింది, ఇక చాలు పోదాం అనాలనుకున్నాను. అతను నా వైపు చూసి, చేత్తో ‘కూసోండ్రి’ అన్నట్టు సైగ చేశాడు. చొక్కా జేబులోంచి కార్డు తీశాడు. రెండు చేతులతో ఆమె చేతిలో పెట్టాడు.

“రఖ్ లో మేడం” అన్నాడు హిందీలో, చాలా మర్యాదగా. “కథ అయినాక తీసుకుంటా. ఇంకా మూడున్నాయి.”

అని తొమ్మిదో బొమ్మ వైపు నడిచాడు. గీతకు అవతల పెద్ద గోడ మీద నాలుగో ఫ్రేము, మగ్గం. ఆమె ఆ కార్డు పట్టుకుని అట్లాగే నిలబడింది. ఆఫీసు మనిషి ముందుకు రాబోతే గార్డు తలుపు దగ్గర నుంచి వచ్చి, “ఖతమ్ హోరా సాబ్, దో మినిట్” అన్నాడు. దో మినిట్ కాదు, పాతిక నిమిషాలు పట్టింది. రాక్షసుడి ఎముకలతో మగ్గం ఎట్లా కూర్చాడో, ఏ ఎముక ఏ భాగమయిందో ఒక్కొక్కటీ చెప్పాడు. ఆ పేర్లన్నీ మా తాత నోట విన్నవే. ఆ పేర్లు నాలో ఇంకా ఉన్నాయని నాకే తెలియదు. ఏడుపు వచ్చింది, తుడుచుకోలేదు.

పదకొండో దాని ముందు నిలబడి మా ఇంటిపేరు ఎత్తాడు. ఆ ఇంట పడుగు తెగొద్దు, మగ్గం ఆగొద్దు, నేసిన చెయ్యి చల్లగుండాలె, విన్న చెవు చల్లగుండాలె అని దీవించాడు. మా మగ్గాన్ని మా నాన్న ఎప్పుడో ఇనప సామాను వాడికి, కట్టెల వాడికి ఇచ్చేశాడు. దీవెన మాత్రం ఆ గోడ ముందు, అంత దూరం వచ్చి, ఇప్పటికి అందింది. అతను తువ్వాలతో మొహం తుడుచుకుని నాకు దండం పెట్టాడు. నేను లేచి నిలబడి అతనికి పెట్టాను.

చప్పట్లు. మొదట కొట్టింది క్యూరేటరే. నిజంగానే ఆమె కళ్లు చెమర్చాయి, అబద్ధం చెప్పను. కార్డు ఇంకా ఆమె చేతిలోనే ఉంది. నా దగ్గరికొచ్చి ఇంగ్లీషులో, గబగబా అంది. “ఇది చాలా విలువైనది! ఇంకోసారి మొదటి నుంచి చెప్పమనండి, కెమెరా మనిషిని పిలుస్తాను. మరీ పొడుగు వద్దు, ఆ పులిది, ఈ చివరిది చాలు.”

నా నోటికి వచ్చిన మాట ఇక్కడ రాయలేను. అది బయటికి రాకముందే అతను అడిగాడు, “ఏమంటున్నదక్కా?” చెప్పాను. అతను తల అడ్డంగా ఊపాడు, కోపంగా కాదు.

“చెప్పుడయింది. ఇగ పటం చుట్టుండ్రి అని చెప్పుండ్రి.”

ఆమెకు అదే చెప్పాను. ఆమె గోడ వైపు తిరిగింది. ఆ గోడ మీద ఏడు, ఈ గోడ మీద నాలుగు, అద్దాలు, మేకులు.

“చుట్టడమా? ఇవన్నీ కోసి ఫ్రేములు కట్టేశాం కదా. ఎట్లా చుడతాం?” అంది.

“అదే మేమూ అడుగుతున్నాం” అని, ఆమె చేతిలోంచి బతాకా తీసుకుని అతనికిచ్చాను.